పాప పుట్టినరోజుకు ఆన్‌లైన్‌లో తెప్పించిన బొమ్మలు డూప్లికేట్ వచ్చాయి, ఏం చేయాలి?

చిన్నితల్లి_హన్మకొండ (సోమవారం, రాత్రి 10:48)

అందరికీ నమస్తే. మాది హన్మకొండ, నక్కలగుట్ట వైపు. పోయిన గురువారం మా పాపకు ఐదేళ్లు నిండాయి. నెల ముందు నుంచే లబుబు (పళ్లు బయటపెట్టి నవ్వే బొచ్చు బొమ్మ) కావాలని ఒకటే లొల్లి, స్కూల్ వ్యాన్‌లో ఎవరి బ్యాగుకో వేలాడుతుంటే చూసిందట. నేను రాత్రి పడుకునే ముందు రీల్స్ చూస్తుంటే ఒక ప్రకటన వచ్చింది, పుట్టినరోజు కాంబో అని, ఒక లబుబు కీచైన్, ఒక పొడుగు చెవుల కుందేలు, రెండూ కలిపి 1,299. పైన గడియారం తిరుగుతోంది, ఆఫర్ ఇంకా పదకొండు నిమిషాలే అని. క్యాష్ ఆన్ డెలివరీ అయితే 150 ఎక్కువ అన్నారు, ఎందుకులే అని యూపీఐలో కట్టేశాను. అదే తప్పు.

పుట్టినరోజు అయిపోయిన రెండు రోజులకు వచ్చింది, బూడిద రంగు ప్లాస్టిక్ కవర్‌లో, డబ్బా లేదు, బిల్లు లేదు. ఫొటోలో కుందేలు పాప చేతుల నిండా ఉంది, వచ్చింది మాత్రం జానెడు. చెవి ఒకటి ఇంకోదానికన్నా వేలెడు పొడుగు. చెప్పుల దుకాణంలోకి పోగానే కొట్టే వాసన ఉంటుంది చూడండి, అచ్చం అదే. లబుబు సంగతి చెప్పనే అక్కర్లేదు, తల పట్టుకుంటే గిరగిరా తిరుగుతోంది, మా అత్తమ్మ అయితే "ఇది దయ్యం బొమ్మ అని వాట్సాప్‌లో వచ్చింది, ఇంట్లో పెట్టకు" అని దాన్ని షూ ర్యాక్ మీద పెట్టింది.

అసలు కష్టం ఏంటంటే పాప కుందేలును వదలడం లేదు. దానికి చెవులమ్మ అని పేరు కూడా పెట్టేసింది, పక్కలో వేసుకుని పడుకుంటోంది. వెనక్కి పంపాలంటే రెండూ పంపాలట. ఇవి నిజంగా డూప్లికేటేనా, డబ్బులు వస్తాయా, పిల్లల దగ్గర ఇవి ఉంచొచ్చా, తెలిసినవాళ్లు చెప్పండి.

ఖిలా_పోరడు

అక్కా ముందు లబుబు పళ్లు లెక్కపెట్టు.

చిన్నితల్లి_హన్మకొండ

పదకొండు. రెండుసార్లు లెక్కపెట్టాను, లైట్ వేసి.

ఖిలా_పోరడు

అసలుదానికి తొమ్మిదే ఉంటాయి. నీకు రెండు పళ్లు ఫ్రీగా వచ్చాయి 😂 దీన్ని లఫూఫూ అంటారు అక్కా, ప్రపంచమంతా అదే పేరు. మన వరంగల్ ఖిలా దగ్గర ఐస్‌క్రీం బండి పక్కన కూడా వేలాడుతున్నాయి, 200 అంటే 120కి ఇస్తాడు.

బొమ్మలపిచ్చి_కరీంనగర్

నవ్వులాట తర్వాత, ఆమెకు అర్థమయ్యేలా చెప్తాను. నేను నాలుగేళ్లుగా ఇవి సేకరిస్తున్నాను, మా ఆవిడ దృష్టిలో ఇది జబ్బు.

లబుబును గీసింది కాసింగ్ లుంగ్ అనే ఆయన, హాంకాంగ్‌లో పుట్టి నెదర్లాండ్స్‌లో పెరిగాడు. 2015లో పిల్లల బొమ్మల కథల్లో వచ్చిన పాత్ర అది, ఉత్తర ఐరోపా జానపద కథల్లోని పిశాచాల్లాంటి అల్లరి జీవులు ఉంటాయి కదా, ఆ ధోరణిలో గీశాడు. 2019 నుంచి చైనాకు చెందిన పాప్ మార్ట్ కంపెనీ అమ్ముతోంది. 2024లో బ్లాక్‌పింక్ పాటల బృందంలోని లీసా బ్యాగుకు తగిలించుకుని కనిపించాక పిచ్చి ముదిరింది. మీ అత్తమ్మకు వచ్చిన వాట్సాప్ సంగతి కూడా చెప్తాను, పజూజూ అని పాత మెసొపొటేమియా దయ్యానికి దీనికి ముడిపెట్టి 2025లో ఒక పుకారు లేపారు, దానికీ దీనికీ సంబంధమే లేదు. కాబట్టి షూ ర్యాక్ మీద నుంచి దింపొచ్చు, కానీ వేరే కారణం మీద మళ్లీ అక్కడే పెట్టాల్సి వస్తుంది, కింద చదవండి.

అసలుది బ్లైండ్ బాక్స్‌లో వస్తుంది, లోపల ఏ రంగు ఉందో విప్పేదాకా తెలియదు, సీక్రెట్ అనే అరుదైనది 72 డబ్బాలకు ఒకటి. మీకు ఫలానా రంగే పంపిస్తాం, డబ్బా లేకుండా పంపిస్తాం అన్నారంటే అక్కడే తేలిపోయింది. డబ్బా మెరవదు, మ్యాట్‌గా ఉంటుంది, మీద క్యూఆర్ కోడ్ ఉన్న స్టిక్కర్ ఉంటుంది. అయితే క్యూఆర్ ఒక్కటే నమ్ముకోకండి, నకిలీవాళ్లు స్కాన్ చేస్తే అచ్చం కంపెనీ పేజీలా కనిపించే దొంగ పేజీ కూడా పెడుతున్నారు. కొత్తవాటిలో కాలి అడుగున అతినీలలోహిత (యూవీ) లైటు కింద మాత్రమే కనిపించే ముద్ర ఉంటుంది. ఇక ధర. అమెరికాలోనే ఒక్క డబ్బా 28 డాలర్ల దాకా ఉంది. మన దగ్గరికి వచ్చేసరికి ఎంతవుతుందో లెక్కేసుకోండి. కుందేలుతో కలిపి 1,299కి రాదు.

మీ కుందేలు వర్ణన చూస్తే ఫొటో జెల్లీక్యాట్ వాళ్లదై ఉంటుంది. 1999లో లండన్‌లో మొదలైన కంపెనీ, పొడుగు చెవుల కుందేలుకే వాళ్ల పేరు. ఫొటో వాళ్లది ఎత్తేసి బొమ్మ ఎక్కడిదో పంపుతారు. ఫొటోను గూగుల్ లెన్స్‌లో వేసి చూడండి, అదే ఫొటో ఇరవై సైట్లలో ఇరవై ధరలకు కనపడుతుంది.

ఈ నకిలీల గోల కొత్తదేం కాదు, జర్మనీలో స్టైఫ్ అనే కంపెనీ 1904లోనే తమ ఎలుగుబంటి చెవిలో లోహపు గుండీ బిగించడం మొదలుపెట్టింది, ఇది మాదే అని తెలియడానికి. ఇప్పటికీ గుండీ ఉంటుంది.

చిన్నితల్లి_హన్మకొండ

లెన్స్‌లో వేశాను అన్నా. ఇరవై కాదు, స్క్రోల్ చేస్తూనే ఉన్నాను. ఒకచోట అదే ఫొటో 349కి ఉంది.

పోచమ్మమైదాన్_షాపు

నాది బొమ్మల దుకాణం, మా బాపు కాలం నుంచి. రోజూ చూస్తున్న కథ ఇది. తల్లి వస్తుంది, పాప బొమ్మ పట్టుకుంటుంది, నొక్కి చూస్తుంది, తల్లి ఫోన్ తీసి ఫొటో కొడుతుంది, "ఆన్‌లైన్‌లో తక్కువకు ఉంది భయ్యా" అని వెళ్లిపోతుంది. నెల తర్వాత వచ్చి "దీని కాలు కుట్టిస్తారా" అని అడుగుతుంది. నేను కుట్టను.

జర అర్థం చేసుకోండి. 2021 జనవరి 1 నుంచి 14 ఏళ్లలోపు పిల్లల బొమ్మలన్నిటికీ ఐఎస్‌ఐ గుర్తు తప్పనిసరి. బట్ట బొమ్మైనా, చెక్క బొమ్మైనా. బయటి దేశం సరుకు మీద కస్టమ్స్ సుంకం 20 శాతం ఉన్నది 2020లో 60 చేశారు, 2023లో 70 చేశారు. మేం బిల్లు మీద సరుకు తెచ్చి, జీఎస్టీ కట్టి, అద్దె కట్టి కూర్చుంటే, అడ్రస్ లేనోడు రీల్‌లో గడియారం తిప్పి అమ్ముకుంటున్నాడు.

ఖిలా_పోరడు

సేటూ, కోపం కాకు గానీ, పోయిన దసరాకు నీ షాపు ముందు తాడుకు వేలాడిన లబుబులకు ఎన్ని పళ్లు?

పోచమ్మమైదాన్_షాపు

...

పోచమ్మమైదాన్_షాపు

సరే. హైదరాబాద్ బేగంబజార్ నుంచి రెండు డజన్లు తెచ్చాను. ఫస్ట్ కాపీ అన్నాడు, బాగానే ఉన్నాయి. అడిగినవాళ్లకు ఒరిజినల్ కాదనే చెప్పాను, 250కి అమ్మాను. మా దగ్గర వస్తువు చేతిలోకి తీసుకుని చూసి కొంటారు, అది తేడా. ఇప్పుడు తేవడం లేదు, తనిఖీలకు వస్తున్నారని తోటి షాపులవాళ్లు చెప్పారు.

బొమ్మలపిచ్చి_కరీంనగర్

నకిలీలో ఫస్ట్ కాపీ, సెకండ్ కాపీ అని గ్రేడ్లు ఉండవు సేటు, అది బేగంబజార్ కవిత్వం 🙂

రాత్రిడ్యూటీ_సిస్టర్

పళ్ల లెక్కలు తర్వాత చూసుకోవచ్చు. చిన్నితల్లి గారూ, ఇంట్లో ఇంకా చిన్న పిల్లలు ఉన్నారా? నేను పిల్లల వార్డులో పని చేస్తాను. 2025 ఆగస్టులో అమెరికాలో వినియోగ వస్తువుల భద్రతా కమిషన్ ఈ నకిలీ లబుబుల మీద ప్రత్యేకంగా హెచ్చరిక ఇచ్చింది, ముక్కలుగా ఊడిపోతున్నాయి, చిన్న పిల్లల గొంతులో ఇరుక్కుంటాయి అని. ఊడేవి కళ్లు, చేతులు, కాళ్లు. మూడేళ్లలోపు పిల్లలకు ఇచ్చే బొమ్మల పరీక్షలో ఒక గొట్టం వాడతారు, దాని నోరు 31.7 మిల్లీమీటర్లు, అందులో పట్టిందంటే ఆ ముక్క ప్రమాదమే. పాతకాలం ఫొటో రీలు డబ్బా ఇంట్లో ఉంటే దాని నోరు ఇంచుమించు అంతే.

ఇంకో మాట, అసలు లబుబు డబ్బాల మీదే 15 ఏళ్లు పైబడినవాళ్లకు అని ఉంటుంది. ఒరిజినల్ కొన్నా అది పసిపిల్లల బొమ్మ కాదు.

చిన్నితల్లి_హన్మకొండ (సోమవారం, రాత్రి 11:52)

బాబు ఉన్నాడు సిస్టర్, ఏడాదిన్నర. మీ మెసేజ్ చదివి లేచి వెళ్లి చూశాను. లబుబు ఎడమ కన్ను లేదు. సాయంత్రం ఉంది, నేనే చూశాను.

రాత్రిడ్యూటీ_సిస్టర్

బాబు పడుకున్నాడా? ఊపిరి మామూలుగా ఉందా? దగ్గు, ఈల వేసినట్టు చప్పుడు, చొంగ ఎక్కువ కారడం, ఏమైనా ఉంటే ఇప్పుడే ఎంజీఎం పెద్దాసుపత్రికి గానీ దగ్గర్లోని పిల్లల ఆసుపత్రికి గానీ తీసుకెళ్లండి, తెల్లారేదాకా ఆగొద్దు. వాంతి చేయించకండి. ప్లాస్టిక్ చాలాసార్లు ఎక్స్‌రేలో కనిపించదు, అందుకే ఏం మింగాడో, సైజు ఎంతో డాక్టర్‌కు చెప్పాలి, రెండో కన్ను తీసుకెళ్లి చూపించండి. ఏ లక్షణమూ లేకపోతే ముందు ఇల్లంతా వెతకండి.

ఖిలా_పోరడు

అక్కా ఏమైంది? దొరికిందా?

బొమ్మలపిచ్చి_కరీంనగర్

రిప్లై పెట్టండమ్మా, టెన్షన్‌గా ఉంది.

చిన్నితల్లి_హన్మకొండ (మంగళవారం, అర్ధరాత్రి 12:41)

దొరికింది దొరికింది. బాబు తోసుకుంటూ తిరిగే ప్లాస్టిక్ జీపు ఉంది, దాని సీటు ఎత్తితే చిన్న అర. అందులో ఒక చెంచా, రెండు శనగగింజలు, మా ఆయన పోయిన వారం నుంచి వెతుకుతున్న బండి తాళం, ఈ కన్ను. నాకైతే ఒళ్లంతా చల్లబడిపోయింది, అందరం మంచాలు జరిపి, పరుపులు ఎత్తి, అత్తమ్మ దేవుడి దగ్గర కొబ్బరికాయ మొక్కుకుంది. బాబు హాయిగా నిద్రపోతున్నాడు. కన్ను వెనక గట్టిపడిన జిగురు చుక్క తప్ప ఏమీ లేదు, గోరుతో గీకితే రెండోది కూడా ఊడొచ్చింది. లబుబును కవర్‌లో చుట్టి బీరువా మీద పెట్టాను, సాక్ష్యం కోసం.

రాత్రిడ్యూటీ_సిస్టర్

హమ్మయ్య. శనగగింజలు కూడా తీసేయండి, మా వార్డుకు వచ్చే కేసుల్లో బొమ్మల కన్నా అవే ఎక్కువ. ఇది చదివే మిగతావాళ్లకు, వెలిగే బొమ్మ, పాడే బొమ్మ ఉంటే లోపల సెల్ ఎలాంటిదో చూడండి. గుండ్రటి బటన్ సెల్ అయితే, దాని మూతకు స్క్రూ లేకపోతే, ఆ బొమ్మ ఇంట్లో వద్దు. అది మింగి ఆహారనాళంలో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే లోపల కాల్చేస్తుంది. ఇక నేను రౌండ్స్‌కు వెళ్లాలి.

వకీలు_గుమాస్తా

రాత్రి చూడలేదు. డబ్బుల సంగతి నేను చెప్తాను.

2020లో వచ్చిన ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం వస్తువు నకిలీది అయినా, ప్రకటనలో చూపినట్టు లేకపోయినా వెనక్కి తీసుకోనని, డబ్బు ఇవ్వనని అమ్మినవాడు అనడానికి లేదు. సైట్ మీద ఫిర్యాదుల అధికారి పేరు, ఫోన్, ఈమెయిల్ పెట్టాలి, ఆయన 48 గంటల్లో మీ ఫిర్యాదు అందిందని చెప్పాలి, నెలలో తేల్చాలి. ఏ దేశంలో తయారైందో కూడా కొనేముందే చూపించాలి. మీ సైట్‌లో ఇవి ఉన్నాయా చూడండి. ముందు రాతపూర్వకంగా అడగండి, చాట్ అయితే స్క్రీన్‌షాట్లు తీయండి, గడియారం తిరిగే ఆ ప్రకటన పేజీ కూడా, ఎందుకంటే రేపు ఆ పేజీ ఉండదు. జవాబు రాకపోతే 1915కు ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులోనూ చెప్పుకోవచ్చు. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. మీరు ఉండే జిల్లాలోనే వేయొచ్చు, 5 లక్షల లోపు కొన్నవాటికి ఫీజు లేదు, రెండేళ్ల లోపు వేయాలి. 1,299 కోసం వేస్తారా అంటే, నా అనుభవంలో వేసేవాళ్లు డబ్బు కోసం వేయరు, మంట కొద్దీ వేస్తారు.

ఐఎస్‌ఐ గుర్తు లేకుండా బొమ్మలు అమ్మడం బీఐఎస్ (ఆ గుర్తు ఇచ్చే ప్రభుత్వ సంస్థ) చట్టం కింద నేరం, మొదటిసారికే రెండేళ్ల దాకా జైలు లేదా కనీసం 2 లక్షల జరిమానా, రెండూ కూడా పడొచ్చు. గుర్తు ఉన్నా సరిపోదు, పక్కన సీఎం/ఎల్ అని లైసెన్స్ నంబర్ ఉండాలి. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబర్ కొడితే ఏ కంపెనీది, ఏ వస్తువుకు, ఇంకా చెల్లుతుందా లేదా అన్నీ వస్తాయి. ఒకసారి మా అల్లుడు తెచ్చిన టెడ్డీ మీద నంబర్ కొడితే సిమెంట్ కంపెనీ పేరు వచ్చింది.

ఖిలా_పోరడు

గట్టి టెడ్డీ అన్నమాట 😂😂

నిర్వాహకుడు

సైట్ల పేర్లు, వ్యక్తుల ఫోన్ నంబర్లు ఇక్కడ పెట్టకండి. రెండు పోస్టులు తీసేశాను.

చిన్నితల్లి_హన్మకొండ (బుధవారం)

అప్‌డేట్. సైట్‌లో ఫిర్యాదుల అధికారి లేడు, అడ్రస్ లేదు, చాట్ మాత్రమే. నేను డబ్బులు వాపస్ ఇవ్వండి అని పెడితే వచ్చిన జవాబులు వరుసగా చెప్తాను. మొదట "మీ నిరాశకు చింతిస్తున్నాము ప్రియమైన, బొమ్మ ఉంచుకోండి, 15 శాతం ఇస్తాము". కాదంటే 25. కాదంటే "మా మేనేజర్‌తో మాట్లాడి ప్రత్యేకంగా మీకోసం 40". ప్రియమైన అంట, మా ఆయన కూడా ఎప్పుడూ అనలేదు. పూర్తిగా కావాలంటే చైనాలో గోదాముకు నా ఖర్చుతో పంపాలట, కొరియర్ అడిగితే 2,000 పైనే అవుతుందన్నారు. 40 తీసుకోనా?

వకీలు_గుమాస్తా

తీసుకుంటే "సమస్య పరిష్కారమైంది" అని నొక్కిస్తారు, తర్వాత మీరు ఎక్కడికి వెళ్లినా అది చూపిస్తారు. వాళ్ల లెక్క ఏంటంటే వందలో ఎనభై మంది ఏదో ఒక మెట్టు దగ్గర విసిగిపోయి ఒప్పుకుంటారు. నా మాటైతే ఒప్పుకోకండి.

మంచిర్యాల_రైలుబండి

మా అనుభవం కూడా రాస్తాను. మేం పెద్ద యాప్‌లోనే కొన్నాం, రిటర్న్ ఉంది, ఓపెన్ బాక్స్ డెలివరీ పెట్టుకున్నాం, పిల్లాడి ముందే విప్పించి, కుట్లు ఊడి ఉంటే అక్కడే వాపస్ ఇచ్చాం, మూడో రోజు డబ్బులు పడ్డాయి. పెద్ద యాప్‌లోనూ అమ్మేవాడు ఎవడో చిన్నోడే, కానీ వెనక్కి తీసుకునే దారి ఉంటుంది. రీల్స్‌లో వచ్చే సైట్‌కు ఆ దారి ఉండదు. అలాగని ఎదురుగా చూసి కొన్నది మంచిదని కాదు. మేడారం జాతరలో కొన్న టెడ్డీ బస్సులోనే పగిలింది, లోపల థర్మాకోల్ పూసలు, తాడ్వాయి దాటే సరికి బస్సంతా మంచు పడ్డట్టు అయింది, కండక్టర్ మా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

కుట్టుమిషన్_అక్క

నేను కాజీపేటలో మిషన్ కుడతాను, గుడ్డ బొమ్మలు కూడా కుడతాను. చిన్నితల్లీ, లబుబు సంగతి వదిలెయ్, కుందేలు గురించి ఎవరూ మాట్లాడటం లేదు. పాప దాన్ని పక్కలో వేసుకుని పడుకుంటోంది అన్నావు కదా. ఒక తెల్లగుడ్డ తడిపి కుందేలు వీపు మీద గట్టిగా రుద్ది చూడు, రంగు దిగుతుందా అని. బొచ్చు కొంచెం వేళ్లతో పట్టి లాగు, వేళ్లకు అంటుకుని వస్తోందా అని. పొట్ట నొక్కితే లోపల గడ్డలు తగులుతున్నాయా?

చిన్నితల్లి_హన్మకొండ

గుడ్డకు గులాబీ రంగు అంటింది అక్కా. బొచ్చు రెండు పోగులు వచ్చాయి. గడ్డలు ఉన్నాయి, కరకర అంటోంది కూడా.

కుట్టుమిషన్_అక్క

కరకర అంటే లోపల ప్లాస్టిక్ కవర్ ఉంది. పాపను తీసుకుని నా దగ్గరికి రా, అడ్రస్ మెసేజ్‌లో పెడతాను. పాపను తప్పకుండా తీసుకురా, తను చూడకుండా పొట్ట కోస్తే ఇంకెప్పుడూ నమ్మదు.

పొణికి_నిర్మల్

మాది నిర్మల్. పొణికి చెక్కతో బొమ్మలు చేస్తాం. ఈ చర్చ చదువుతుంటే నవ్వూ ఏడుపూ రెండూ వస్తున్నాయి, ఎందుకంటే నిర్మల్ బొమ్మలు అని చెప్పి పోత పోసిన రెసిన్ బొమ్మలు ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లు మా ఫొటోలే వాడుకుంటున్నారు. చేతిలోకి తీసుకుంటే తెలిసిపోతుంది, పొణికి చెక్క బరువే ఉండదు, రెసిన్ రాయిలా ఉంటుంది. ఫొటోలో బరువు కనపడదు కదా. మాకు భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) ఉంది కాబట్టి ఐఎస్‌ఐ నుంచి మినహాయింపు ఉంది, అది మంచిదే, కానీ కొనేవాళ్లు "ఐఎస్‌ఐ ఏది" అని అడిగితే ఈ కథంతా చెప్పాలి.

కుట్టుమిషన్_అక్క

ఇది అడగాలనే అనుకుంటున్నాను. వకీలు గారూ, నేను ఇంట్లో కుట్టి అమ్మే గుడ్డ బొమ్మలకు కూడా ఐఎస్‌ఐ కావాలా? ఏడాదికి వంద కుడతానేమో.

వకీలు_గుమాస్తా

చేదుగా ఉంటుంది గానీ చెప్పాలి. కావాలి. అమ్మేది ఒక్కటైనా ఆ ఉత్తర్వు వర్తిస్తుంది. హస్తకళల డెవలప్‌మెంట్ కమిషనర్ దగ్గర చేతివృత్తి కళాకారిణిగా నమోదై, పహచాన్ కార్డు (కళాకారుల గుర్తింపు కార్డు) ఉంటే మినహాయింపు. మీ పని దానికి సరిపోతుందేమో కనుక్కుని అప్లై చేయండి. చిరిగిన బొమ్మ కుట్టివ్వడానికి ఇవేమీ అక్కర్లేదు.

కుట్టుమిషన్_అక్క

అంటే గడియారం తిప్పినోడు దొరకడు, కాజీపేటలో మిషన్ ముందు కూర్చున్న నేను దొరుకుతాను.

వకీలు_గుమాస్తా

అడ్రస్ ఉన్నవాళ్లే దొరుకుతారు అక్కా.

పోచమ్మమైదాన్_షాపు

ఇదే నేను మొదటి నుంచీ మొత్తుకుంటున్నది.

ఖిలా_పోరడు

నువ్వు రెండు డజన్ల తర్వాత మొత్తుకున్నావు సేటూ.

చిన్నితల్లి_హన్మకొండ (ఆదివారం, సాయంత్రం)

పెద్ద పోస్ట్, ఓపిక ఉన్నవాళ్లు చదవండి.

ముందు డబ్బులు. రాలేదు. 40 శాతం వద్దన్నాక శుక్రవారం నుంచి సైటే తెరుచుకోవడం లేదు. 1915కు చేశాను, ఫిర్యాదు నంబర్ ఇచ్చారు, మాట బాగానే మాట్లాడారు. సైట్ మాయమైంది కాబట్టి సైబర్ నేరాల నంబర్ 1930కి కూడా చెప్పాను, బ్యాంకులో రాసిచ్చాను. యూపీఐ వెళ్లిన పేరు చూస్తే బొమ్మల కంపెనీ కాదు, ఏదో ట్రేడర్స్. చూడాలి.

ఇవాళ పాపను తీసుకుని కాజీపేట వెళ్లాం. అక్క ముందు పాపకు చిన్న స్టూల్ వేసి, నెత్తికి తెల్లగుడ్డ కట్టి, "నువ్వు డాక్టరమ్మవి, నేను నర్సుని" అంది. చెవులమ్మను బోర్లా పడుకోబెట్టి వీపు మీద కుట్టు నాలుగు అంగుళాలు విప్పింది. పైన పలచగా తెల్లటి మెత్తటి పొర, చేతికి బాగుండాలని. దాని కింద బూడిద రంగు ఫోమ్ ముక్కలు, బనియన్ గుడ్డ పీలికలు, నీలం దారం ఉండ, పాల ప్యాకెట్ అంత మందం ప్లాస్టిక్ కవర్, ఒక చొక్కా కాలర్ లేబుల్ కూడా వచ్చింది, ఎల్ సైజు అని. పాప ఒక్కొక్కటీ తీసి పళ్లెంలో పెడుతూ "అందుకే దానికి కడుపునొప్పి" అంది. అన్నీ కలిపి తూకం వేస్తే 140 గ్రాములు.

తర్వాత ఖాళీ తోలు సబ్బునీళ్లలో నానబెట్టింది. బకెట్ నీళ్లు రోజ్‌మిల్క్ లాగా అయ్యాయి. నాలుగు నీళ్లు మార్చాక తేటగా వచ్చాయి. మేం ఎండ కోసం మధ్యాహ్నం దాకా అక్కడే ఉన్నాం, అక్క మాకు అన్నం కూడా పెట్టింది, ఏం తీసుకోలేదు.

నేను మన ఎనుమాముల మార్కెట్ పత్తి ఉండగా బయటి దూది ఎందుకు, పత్తి నింపుదాం అన్నాను. అక్క ఒప్పుకోలేదు.

కుట్టుమిషన్_అక్క

పత్తి మీద కోపం ఏం లేదు. దిండులో అయితే ఏటా విప్పి ఏకి ఎండబెడతాం. బొమ్మను పిల్లలు నీళ్లలో ముంచుతారు, లోపల పత్తి తడిస్తే మూడు రోజులు ఆరదు, గడ్డలు కడుతుంది, ముక్క వాసన వస్తుంది. అందుకే దిండ్ల షాపులో దొరికే రిక్రాన్, అంటే పాలిస్టర్ దూది, నింపాను. ముందు చెవుల మొదట్లో, కాళ్లలో కూరాలి, పొట్ట చివర, లేకపోతే తల వేలాడుతుంది. కళ్లు జిగురువే, గోరు తగిలితే ఊడాయి. వాటిని పారేసి నల్లదారంతో కుట్టాను, ఆరు పోగులు, కళ్ల వెనక దారం తలలోంచి తీసి ముడి లోపలే వేశాను. దారం కన్నును ఏ పిల్లగాడూ మింగలేడు.

రాత్రిడ్యూటీ_సిస్టర్

ఇది మా వార్డు గోడకు అంటించాలి అక్కా.

బొమ్మలపిచ్చి_కరీంనగర్

మొత్తానికి జెల్లీక్యాట్ కుందేలు కాదు, బేగంబజార్ కుందేలు కాదు, కాజీపేట కుందేలు. నా షెల్ఫ్‌లో ఇలాంటిది ఒక్కటి కూడా లేదు. అక్కా నాకొకటి కుడతారా, డబ్బులిచ్చే కొంటాను.

కుట్టుమిషన్_అక్క

కార్డు రానీ తమ్మీ. పొద్దున పోయి ఫారం తెచ్చుకుంటాను.

పోచమ్మమైదాన్_షాపు

కార్డు వచ్చాక నా దగ్గర పెట్టండి, నెలకు పది తీసుకుంటాను. నిజంగానే అంటున్నా.

ఖిలా_పోరడు

అక్కా, ఫొటోలో చెవులు ఇంకా చిన్నా పెద్దా ఉన్నాయి. విప్పినప్పుడే సరి చేయాల్సింది కదా?

చిన్నితల్లి_హన్మకొండ

అక్క కత్తెర పట్టుకుంది కూడా. పాప ఒకటే ఏడుపు, చెవులు సమానం చేస్తే ఇది చెవులమ్మ కాదట, వేరే కుందేలట.